మాల తీసిన మర్నాడు

ఈ అన్నాచెల్లెళ్ళది మా వీధే. అన్నగారు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. పద్దెనిమిదో యాత్ర పూర్తిచేసి శబరిమలలో కొబ్బరిమొక్క నాటి వచ్చిన గురుస్వామి. కార్తీకం వచ్చిందంటే ఆయన చేత మాల వేయించుకోవడానికి మా పేట కుర్రాళ్ళు తెల్లారకముందే తలస్నానాలు చేసి వచ్చి నిలబడతారు. చెల్లెలు డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెబుతారు. దేవుడంటే ఆవిడకి పేచీ లేదు, దేవుడి పేరు చెప్పి మగవాళ్ళు చేసే హడావిడి మీదే అనుమానం. ఇద్దరికీ పడదని కాదు. పండగ పూట వాదన లేకపోతే ఇద్దరికీ అన్నం సహించదు. మొన్న దసరాకి వాదన అన్నగారి అబ్బాయి మీద మొదలైంది. ఈ ఏడు మాల వేసుకుంటానన్నాడు. నేను అక్కడే కూర్చుని విన్నాను. ఇద్దరూ ఒకేసారి మాట్లాడిన చోట్లు వదిలేశాను, అవి చాలానే ఉన్నాయి.

చెల్లెలు: మాల ఎందుకు వేసుకుంటానన్నాడో వాణ్ణి అడిగావా అన్నయ్యా?

అన్నయ్య: మాల వేస్తానని వచ్చినవాణ్ణి ఎందుకని అడగరమ్మా. ఒకడికి మొక్కుంటుంది, ఒకడికి భయముంటుంది, ఒకడు స్నేహితులు వేస్తున్నారని వేస్తాడు. ఎవడు ఎలా వచ్చినా ఎక్కే మెట్లు పద్దెనిమిదే.

చెల్లెలు: నేనడిగాను. “అత్తా, రాత్రి రెండింటిదాకా ఫోను చూసి పొద్దున పదింటికి లేస్తున్నాను, నా మీద నాకే అసహ్యం వేస్తోంది, నలభై ఒక్క రోజులు గట్టిగా ఉండి అడవికి వెళ్ళొస్తే గాడిలో పడతాను” అన్నాడు. పాపం, నిజమే చెప్పాడు. మాల మెడలో ఉన్నన్నాళ్ళూ వాడు గాడిలో పడతాడు, అందులో నాకు సందేహం లేదు. తీసిన మర్నాడు మళ్ళీ పదింటికే లేస్తాడు.

అన్నయ్య: అప్పుడే శాపం పెట్టేశావా?

చెల్లెలు: శాపం కాదు, ఏటా చూసేదే చెప్తున్నా. మన వీధి చివర వైన్ షాపు అతనికి కార్తీక మార్గశిరాలు గడ్డుకాలం. సంక్రాంతి వెళ్ళాక అతని మొహం చూడు.

అన్నయ్య: అతనూ మాల వేసినవాడేనమ్మా. ఆ రోజుల్లో షాపు బావమరిది చేత నడిపించాడు.

చెల్లెలు: అదీ సంగతి! షాపు మూయలేదు, చెయ్యి మార్చాడు. నేననేది కూడా అదే. ఆర్నాల్డ్ వాన్ జెనెప్ అని ఒకాయన 1909లో ఫ్రెంచిలో ఒక పుస్తకం రాశాడు. ఏ దేశంలో చూసినా, మనిషిని ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి దాటించే తంతుల్లో మూడు అంచెలుంటాయన్నాడు. మొదట ఉన్నచోటు నుంచి విడదీస్తారు. తర్వాత అటూ ఇటూ కాకుండా నడిమధ్యన కొన్నాళ్ళు ఉంచుతారు. చివరికి కొత్త మనిషిగా తెచ్చి మళ్ళీ జనంలో కలుపుతారు.

అన్నయ్య: ఇందులో ఆయన కొత్తగా కనిపెట్టిందేముంది? ఇరుముడి కట్టాక మేం చేసేదేమిటి? గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టి, “వెళ్ళొస్తాను” అనే మాట అనకుండా, వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోతాం. పెళ్ళాం బిడ్డలు గుమ్మంలోనే నిలబడి ఉంటారు. మొదటిసారి కన్నెస్వామిగా వెళ్ళిన ఏడు తిరిగి చూడకూడదని బిగబట్టి బిగబట్టి నాకు మెడ నరం పట్టేసింది.

చెల్లెలు: విడదీయడం మీకు బ్రహ్మాండంగా వచ్చు. నడిమధ్యన ఉండటం కూడా వచ్చు. నల్లబట్టలు, గడ్డం, కాళ్ళకి చెప్పుల్లేవు, సొంత పేర్లు కూడా పోయి అందరూ స్వామే. విక్టర్ టర్నర్ అని ఇంకొకాయన జాంబియాలో ఎన్‌డెంబు జాతివాళ్ళ మధ్య ఉండి ఇలాంటి తంతులే చూశాడు. ఆ నడిమి కాలంలో హోదాలు కరిగిపోయి మనుషులు ఒక్కటవుతారని 1969లో పుస్తకం రాశాడు. నువ్వు చెప్పే డిపో కథ వింటే ఆయన అక్కడికక్కడే రాసుకునేవాడు.

అన్నయ్య: కథ కాదు, జరిగిందే. మా డిపోలో బస్సులు కడిగే ఆయన ఒకాయన ఉండేవాడు. ఏటా కొండకి పోయేవాడు. నాకు గురుస్వామి ఆయనే. ఒక ఏడు డిపో మేనేజరుగారు మాల వేస్తానన్నారు. కన్నెస్వామి. వేసేదెవరు? ఈయనే. నీళ్ళ పైపు కట్టేసి, కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి వేశాడు. మేనేజరుగారు అందరి ముందూ వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టారు. ఆ నెలన్నరా ఈయన ఆ గదిలోకి వెళ్తే మేనేజరుగారే లేచి నిలబడి “రండి స్వామీ” అనేవారు. భిక్షకి పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. ఎవరి విస్తరి వాళ్ళే తీసుకునేవాళ్ళం, మేనేజరుగారితో సహా.

చెల్లెలు: మిగతాది కూడా చెప్పు.

అన్నయ్య: మిగతాదేముంది.

చెల్లెలు: ఫిబ్రవరిది.

అన్నయ్య: ఏదో బస్సు అద్దం మీద మరక ఉండిపోయిందట. “ఏరా, కళ్ళు మూసుకుని కడిగావా” అన్నారు మేనేజరుగారు. షెడ్డులో అందరం ఉన్నాం. ఆయన మాత్రం “మాల తీశారుగా స్వామీ, అలాగే ఉంటుంది” అని నాతో అని మళ్ళీ పైపు విప్పుకున్నాడు.

చెల్లెలు: అది ఆయన పెద్దరికం. మరి మేనేజరుగారికి అడవి ఏం నేర్పినట్టు?

ఇక్కడితో అన్నగారి పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఆయన జవాబు నేననుకోని వైపు నుంచి వచ్చింది. ఈ వాదన రాసి పెట్టుకోవాలనిపించింది కూడా ఆ జవాబు వల్లే.

అన్నయ్య: అడవి నేర్పుతుందని నీకెవరు చెప్పారమ్మా? మేం నేర్చుకోడానికి అడవికి పోం. నేర్చుకున్నాకే పోతాం. లెక్క చూడు. పంబ దగ్గర దిగితే సన్నిధానానికి నడక ఐదు కిలోమీటర్లు. ఎరుమేలి నుంచి పెద్దపాదం పట్టుకుని అళుదా, కరిమల దాటి పోయినా అడవిలో గడిపేది రెండు మూడు రోజులు. మిగతా మండలం అంతా ఎక్కడ గడిచింది? ఇక్కడే. నాలుగింటికి లేచి చన్నీళ్ళు పోసుకుంది మన పెరట్లో. చాప వేసుకుంది మన వసారాలో. గేరుబాక్సు కింద వెల్లకిలా పడుకుని ఉంటే కాలిన ఆయిలు మొహం మీద పడుతుంది. అప్పుడు కూడా నోట్లోంచి బూతు రాకూడదు. దీక్ష అంటే అదీ. అడవిలో బూతులు ఎవణ్ణి తిడతావు, ఏనుగునా?

చెల్లెలు: ఉండు, ఉండు. ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఎడారికి వెళ్ళొచ్చింది, గుర్తుందిగా?

అన్నయ్య: తిండి మానేసి ఒక్కతే కూర్చుని వచ్చింది. మీ ఆయన నాలుగు రోజులు నిద్రపోలేదు.

చెల్లెలు: అదే. అక్కడ స్టీవెన్ ఫోస్టర్, మెరిడిత్ లిటిల్ అనే దంపతులు 1981లో స్కూల్ ఆఫ్ లాస్ట్ బోర్డర్స్ అని ఒకటి పెట్టారు. వాళ్ళ దారిలో ఇప్పుడు చాలామంది చేయిస్తున్నారు. వాన్ జెనెప్ చెప్పిన మూడు అంచెలే వాళ్ళకీ ఆధారం. నాలుగు పగళ్ళు, నాలుగు రాత్రులు ఒంటరిగా, నీళ్ళు తప్ప ఏమీ లేకుండా ఉండాలి. తిరిగొచ్చాక పెద్దవాళ్ళు చుట్టూ కూర్చుని ఏం జరిగిందో చెప్పమంటారు. నీతులు చెప్పరు. విన్నది తిరిగి నీకే చెప్పి, నువ్వు గమనించనిది చూపిస్తారు.

అన్నయ్య: అది ఎవరి ఆచారం? ఆ దంపతులదా?

చెల్లెలు: మంచి చోటే పట్టుకున్నావు. ఉపవాసంతో ఒంటరిగా కొండెక్కడం అమెరికా మూలవాసుల్లో చాలా జాతులకి పూర్వం నుంచీ ఉంది. తమ ఆచారాల్ని సరుకు చేసి అమ్ముతున్నవాళ్ళ మీద యుద్ధం ప్రకటిస్తున్నామని లకోటా జాతి పెద్దలు 1993లో తీర్మానమే చేశారు.

అన్నయ్య: బాగా చేశారు. ఇరుముడిని ఎవడైనా ప్యాకేజీ కట్టి అమ్మితే నాకూ మండుతుంది.

చెల్లెలు: అమ్ముతున్నారు అన్నయ్యా. ఏసీ బస్సు, రెండు పూటలా భిక్ష, దారిలో ఇంకో ఐదు గుళ్ళు. నిలక్కల్ దాకా పడుకుని పోతారు, అక్కడ బస్సు మారతారు, ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్న టైముకి క్యూలో నిలబడతారు. అది పెరియార్ పులుల అభయారణ్యమని బోర్డు చూస్తే తప్ప తెలియదు. సరే, దాన్ని పక్కన పెట్టు. మా అమ్మాయి వచ్చిన కొత్తలో తెల్లవారుజామున లేచేది, ఫోను డ్రాయరులో పెట్టేది. కొన్ని వారాలకి ఏమందో తెలుసా? “అక్కడ నాకు తెలిసిందంతా నిజమే అమ్మా, కానీ సోమవారం మీటింగులో అది ఎందుకూ పనికి రావట్లేదు” అంది.

అన్నయ్య: చూశావా! వాళ్ళు అడవిలో నేర్చుకుని ఇంటికి మోసుకురావాలని చూస్తారు. సగం దారిలోనే ఒలికిపోతుంది. మన పెద్దవాళ్ళు దాన్ని తిప్పి పెట్టారు. ఇంట్లో నేర్చుకుని కొండకి మోసుకెళ్ళమన్నారు. ముద్ర టెంకాయ చేసేటప్పుడు ఎప్పుడైనా దగ్గరుండి చూశావా?

చెల్లెలు: దూరం నుంచే. మమ్మల్ని బియ్యం వెయ్యడానికే పిలుస్తారు.

అన్నయ్య: పీచంతా తీసి, కాయని గరుకు లేకుండా చేత్తో రాస్తే జారిపోయేలా రుద్దాలి. ఒక కన్ను పొడిచి నీళ్ళు వంపేస్తాం. లోపల తడి ఆరాలి, లేకపోతే నెయ్యి కంపు కొడుతుంది. తర్వాత కరిగిన ఆవు నెయ్యి సన్నటి ధారగా పోస్తాం. నిండిందనుకుంటాం, బుడగ వచ్చి మళ్ళీ కిందకి దిగుతుంది. తొందరపడేవాడికి ఆ కాయ నిండదు. నిండాక బిరడా పెట్టి ఊరకుండా మూసేస్తాం. ఇరుముడి ముందు అరలో అది, వెనక అరలో దారి బత్తెం. నెయ్యి జీవాత్మ అనీ కాయ శరీరమనీ చెప్తారు. పైన కాయ కొట్టి నెయ్యి అభిషేకానికి ఇచ్చేస్తాం, చిప్ప తెచ్చి ఆళిలో మంటలో పడేస్తాం. అంటే ఏమిటి? ఇంటినుంచి తీసుకెళ్ళి అక్కడ అప్పగించి రావడం. అడవి నుంచి మేం తెచ్చుకోవాల్సింది ఏమీ లేదు.

చెల్లెలు: అభిషేకం నెయ్యి, అరవణ డబ్బాలు తెచ్చి వీధంతా పంచుతావుగా.

అన్నయ్య: అది ప్రసాదం. పాఠం కాదు.

చెల్లెలు: సరే, నీ లెక్క ఒప్పుకుంటాను. నేర్చుకున్నది ఇంట్లోనే, డిపోలోనే. అయితే నా ప్రశ్న ఇంకా గట్టిపడింది. ఎడారిలో నేర్చుకున్నది ఆఫీసులోకి రాలేదంటే అర్థముంది, చోటు మారింది. పెరట్లో నేర్చుకున్నది అదే పెరట్లో ఎలా పోతుంది? అదే డిపో, అదే పైపు, అదే మనిషి. “స్వామీ” కాస్తా “ఏరా” ఎలా అయింది?

అన్నయ్య: మనసు నిలబడక.

చెల్లెలు: కాదు. నిలబడింది ఆయన మనసు కాదు కాబట్టి. ఆ నలభై ఒక్క రోజులూ నిలబెట్టింది నల్లబట్ట. నల్ల పంచె కనబడితే వైన్ షాపులో అమ్మరు, స్నేహితుడు గ్లాసు ముందు పెట్టడు. ఇంట్లో గొంతు లేస్తే ఐదేళ్ళ పిల్లాడు కూడా “మాలలో ఉన్నావు నాన్నా” అని గుర్తుచేస్తాడు. ఊరు ఊరంతా కలిసి ఒక మగవాణ్ణి మంచివాడిగా మోస్తుంది. మాల తీయగానే ఊరు చేతులు దులుపుకుని పోతుంది. వాడు ఉన్నపళంగా కింద పడతాడు. ఇక ఆ మోసేవాళ్ళలో ఎక్కువ బరువు ఎవరిదో చెప్పనా?

అన్నయ్య: చెప్పక మానతావా.

చెల్లెలు: నువ్వు నాలుగింటికి లేస్తే వదిన మూడున్నరకి లేచేది. నువ్వు చన్నీళ్ళు పోసుకుంటే అది దీక్ష. ఆవిడ అంతకుముందే తలమీద చన్నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో పొయ్యి వెలిగిస్తే అది వంట. ఉల్లి వెల్లుల్లి లేని కూరలు రోజుకొకటి వెతుక్కునేది. మధ్యాహ్నం భిక్షకి ఇంకో నలుగురు స్వాముల్ని వెంటపెట్టుకొచ్చేవాడివి. ఆ మూడు రోజులూ వస్తే సంచి సర్దుకుని పుట్టింటికి పోయేది. పుట్టిల్లు లేని ఆడది ఎక్కడికి పోతుందో మీ నియమాల్లో రాయలేదు. నలభై ఒక్క రోజులు “మాతా” అని పిలిచావు. మర్నాడు ఏమని పిలిచావు?

అన్నయ్య: ...కాఫీ అని.

ఆయన ఇలా ఒప్పుకోవడం చూసి నేను నవ్వాను, చెల్లెలు నవ్వలేదు.

అన్నయ్య: స్వయంపాకమే ఉత్తమమని నేనే అందరికీ చెప్తానమ్మా. నా మొదటి రెండేళ్ళూ గుళ్ళో స్వాములమంతా కలిసే వండుకున్నాం. తర్వాత ఇంట్లో అలవాటైపోయింది. నీకంత పట్టింపుగా ఉంటే నువ్వే రా. నీకు యాభై దాటాయిగా, మాలికాపురంగా తీసుకెళ్తాను.

చెల్లెలు: పది నుంచి యాభై ఏళ్ళ మధ్య ఆడవాళ్ళనీ ఆపకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో చెప్పింది, ఎంత గొడవైందో చూశాం, మరుసటి ఏడు అది పెద్ద బెంచికి వెళ్ళింది. ఆ సంగతి ఇప్పుడెత్తితే మనం దీపావళికి కూడా లేవం. నా ప్రశ్న వెళ్ళడం గురించి కాదు, తిరిగి రావడం గురించి.

అన్నయ్య: తిరిగి రావడమే కావాలా? అయితే విను. పన్నెండేళ్ళు అడవిలో ఉండి తిరిగొచ్చి, అక్కడ నేర్చుకున్నదాంతో బతికినవాళ్ళు మనకి లేరా? ధర్మరాజు జూదంలో అంతా పోగొట్టుకుని అడవికి పోయాడు. అక్కడ బృహదశ్వుడు నలుడి కథ చెప్పి అక్షహృదయం నేర్పాడు. ఆ పాచికల విద్యతోనే విరాటుడి కొలువులో కంకుభట్టుగా ఏడాది ఉద్యోగం చేశాడు. అర్జునుడు స్వర్గంలో చిత్రసేనుడి దగ్గర నేర్చిన ఆటపాటలే బృహన్నలకి జీతమయ్యాయి. వనవాసం అయ్యాక పట్టాభిషేకం కాలేదమ్మా. అజ్ఞాతవాసం అయింది. పేరు లేదు, హోదా లేదు, ఎవడి కొంపలోనో చాకిరీ. అడవిలో నేర్చింది అక్కడ పనికొచ్చింది.

ఇది బలమైన మాట. వనవాసాన్ని అందరం తలుచుకుంటాం, దాని పక్కనే ఉన్న ఆ ఒక్క ఏడాదిని ఎవరి ఇంటికీ అన్వయించుకోం. చెల్లెలు మాత్రం ఎక్కువసేపు మెచ్చుకోలేదు.

చెల్లెలు: అదే కొలువులో కీచకుడు ద్రౌపదిని నిండు సభలో కాలితో తన్నాడు. నీ కంకుభట్టు ఏం చేశాడు? ఇక్కడ నిలబడి రాజుగారి ఆటకి అడ్డం రాకు, సుదేష్ణ దగ్గరికి పో అన్నాడు. పాచికలు వెయ్యడం నేర్చుకొచ్చాడు. హస్తినాపురం సభలో ఎలా కూర్చున్నాడో ఇక్కడా అలాగే కూర్చున్నాడు.

అన్నయ్య: అజ్ఞాతం భంగమైతే మళ్ళీ పన్నెండేళ్ళు...

చెల్లెలు: తెలుసు, కారణాలు ఎప్పుడూ ఉంటాయి. ఆ రాత్రి ద్రౌపది ఎవరి దగ్గరికి వెళ్ళింది? వంటింట్లో ఉన్న భీముడి దగ్గరికి. పొయ్యి దగ్గర నిలబడ్డవాడికే బాధ అర్థమైంది.

అన్నయ్య: వ్యాసుడు వంట గురించి రాయలేదమ్మా అది.

చెల్లెలు: రాయలేదు. నేను వాడుకుంటున్నాను.

అన్నయ్య: నువ్వు మేనేజరుగారిని, కంకుభట్టుని, నన్ను ఒకే గాటన కట్టేశావు. నా మాట కూడా విను. దీక్షకి ముగింపు ఉండటం లోపం కాదు. అది దయ. మాల తియ్యని స్వాముల్ని నేను చూశాను. ఏడాది పొడుగునా ఇంట్లో చాప మీదే పడుకుంటానంటాడు, పెళ్ళాంతో మాట్లాడడు, పిల్లాడు గుడ్డు తింటే ఇల్లు కడిగిస్తాడు. వాడు గొప్పవాడనుకుంటున్నావా? ఇంటికి రావాలి కానీ ఇంటినే శబరిమల చెయ్యకూడదు. సంసారికి నలభై ఒక్క రోజులు చాలు. మిగతా రోజులు వాడు మామూలు మనిషిగా తప్పులు చెయ్యనీ. మళ్ళీ కార్తీకం వస్తుంది.

చెల్లెలు: మళ్ళీ వస్తుందనే ధీమాతోనే తప్పులు చేస్తారు. టర్నర్ ఈ తేడా కూడా చెప్పాడు. జీవితంలో ఒక్కసారి దాటించే తంతులు వేరు, క్యాలెండరు ప్రకారం ఏటా వచ్చే తంతులు వేరు. మొదటి రకంలో మనిషి పాత చోటికి తిరిగి రాడు. రెండో రకంలో పైవాడు కిందకీ కిందివాడు పైకీ కొన్నాళ్ళు తారుమారవుతారు, అది అయిపోగానే ఎవరి చోట్లో వాళ్ళు మునుపటికంటే గట్టిగా కూర్చుంటారు. నీ డిపో అచ్చంగా రెండో రకం.

అన్నయ్య: మాది రెండూ. కన్నె, కత్తి, గంట, గద, పెరుస్వామి, ఆరో ఏడు గురుస్వామి. ఏటా వస్తుంది నిజమే, ఏటా అదే మెట్టు మీద నిలబెట్టదు. ఒక్కసారి పోయొచ్చి మారిపోవడానికి మనిషి పచ్చి కాయ కాదమ్మా, ముదిరినవాడు. వాడికి ఏళ్ళు పడుతుంది. నాకు సిగరెట్టు మానడానికి నాలుగు మండలాలు పట్టింది. మొదటి మూడు సార్లూ పంబ దాటకముందే వెలిగించాను.

చెల్లెలు: నాలుగోసారి ఏం జరిగింది? అడవి మారిందా?

అన్నయ్య: అడవి మారలేదు. ఆయన, ఆ బస్సులు కడిగే స్వామి, మాల తీశాక కూడా రోజూ టీ టైముకి వచ్చి నా పక్కన నిలబడేవాడు. ఏమీ అనేవాడు కాదు. టీ తాగి పోయేవాడు. ఆయన ఉండగా వెలిగించలేక... అలా ఎండాకాలం వచ్చేసింది.

చెల్లెలు: అన్నయ్యా, నువ్వు ఇంతసేపూ ఇది ఎందుకు చెప్పలేదు?

అన్నయ్య: ఇందులో చెప్పడానికేముంది? టీయేగా.

చెల్లెలు: మా అమ్మాయి చెప్పిన వాటిలో నాకు మనసులో నిలిచిపోయింది ఆకలీ కాదు, ఎడారీ కాదు. అక్కడ ఇద్దరిద్దరిని జత కలుపుతారట. ఆ నాలుగు రోజులూ ఒకరికొకరు కనబడకూడదు. ఇద్దరి చోట్లకీ మధ్యలో ఒకచోట రాళ్ళ కుప్ప పెట్టుకుంటారు. ఒకరు పొద్దున వచ్చి ఒక రాయి పెట్టి పోవాలి, రెండోవాళ్ళు సాయంత్రం వచ్చి ఒకటి పెట్టాలి. పొద్దున రాయి లేదంటే సాయంత్రం వచ్చినవాళ్ళు వెతుక్కుంటూ పోవాలి. ఒంటరితనమంటారు కానీ, పక్కవాడు బతికున్నాడో లేదో రోజూ చూసుకునే ఏర్పాటు మీదే అదంతా నడుస్తుంది.

అన్నయ్య: రాయి మాకూ ఉంది. కన్నెస్వాములు అళుదాలో మునిగి ఒక రాయి తీసి, కల్లిడుంకున్ను ఎక్కాక అక్కడ వేస్తారు.

చెల్లెలు: మీది వేసి ముందుకి పోయే రాయి. అది పక్కవాడి కోసం పెట్టే రాయి. మీ స్వామి టీ కొట్టు దగ్గర రోజూ పెట్టింది ఆ రెండో రాయే. ఇప్పుడు చెప్పు, నీ చేత్తో మాల వేసినవాళ్ళు ఇన్నేళ్ళలో కొన్ని వందలమంది ఉంటారు. ఫాల్గుణంలో వాళ్ళలో ఒక్కడింటికి వెళ్ళావా?

అన్నయ్య: మాల విరమణతో గురుస్వామి పని అయిపోతుంది.

చెల్లెలు: ఎవరన్నారు?

అన్నయ్య: ఆచారం. తల్లి చేతనో గురువు చేతనో మాల తీయించుకుంటారు, మంత్రం చెప్తాం, కొబ్బరికాయ కొడతాం, అంతే. తర్వాత నేను వెంటపడితే బాగుండదు. మాల వేసినవాడు తాగి రోడ్డు మీద కనబడితే నేను పక్క సందులోంచి పోతాను. నన్ను చూసి వాడు సిగ్గుపడకూడదని.

చెల్లెలు: వాడి సిగ్గు కోసమా, నీ సిగ్గు కోసమా?

అన్నయ్య: రెండూ అనుకో.

చెల్లెలు: మీ స్వామి పక్క సందులోంచి పోయుంటే నీ సిగరెట్టు ఏమయ్యేది?

అన్నయ్య: ఆయన వేరమ్మా. ఆయనకి రోజూ డిపోకి రావడం తప్పదు, టీ కొట్టు ఒక్కటే. నేను వందమంది వెనక ఎక్కడ తిరగను? నేను గురుస్వామిని, ఎక్సైజు వాణ్ణి కాదు.

చెల్లెలు: వందమందిని చూడమనలేదు. జతలు కలుపు. ఇరుముడి కట్టే రోజునే చెప్పు: స్వాములూ, ఈ ఇద్దరూ ఒక జత, మాల తీశాక ఉగాది దాకా రోజూ ఒకసారి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోండి. భజన వద్దు, ఉపన్యాసం వద్దు. ఒక టీ చాలు. రానివాడి ఇంటికి రెండోవాడు పోవాలి.

అన్నయ్య: ఒకే పేటవాళ్ళయితే కుదురుతుంది. ఉద్యోగాలకి హైదరాబాదు పోయేవాళ్ళతో ఎలా? ఫోను చెయ్యమంటావా?

చెల్లెలు: ఫోను వదిలించుకోవాలనే మావాడు మాల వేస్తున్నాడు.

అన్నయ్య: అదొకటి ఉందిగా. అయినా జత ఎవరితో ఎవరికి కలపాలన్నదాంట్లోనే సగం గొడవలొస్తాయి. కులం చూస్తారు, ఉద్యోగం చూస్తారు. దీక్షలో చూడరు, తీశాక చూస్తారు.

చెల్లెలు: అందుకే దీక్షలో ఉండగానే కలపమంటున్నాను. మేనేజరుగారికీ మీ స్వామికీ అప్పుడే జత కట్టుంటే ఫిబ్రవరిలో ఏం జరిగేదో.

అన్నయ్య: ఏం జరిగేదో నాకు తెలియదు. మేనేజరుగారు టీకి బయటికి వచ్చే మనిషి కాదు, లోపలికే తెప్పించుకునేవారు. నువ్వనుకున్నంత తేలిక కాదమ్మా ఇది. కానీ ఈసారి కన్నెస్వాములు ఐదారుగురు ఉన్నారు, అందరూ ఈ నాలుగు వీధులవాళ్ళే. ఆ మాట వాళ్ళతో అని చూస్తాను. మాట ఇవ్వట్లేదు, అని చూస్తాను.

చెల్లెలు: మరి రెండోది?

అన్నయ్య: ఏం రెండోది?

చెల్లెలు: భిక్ష. మావాడి నలభై ఒక్క రోజుల వంట.

అన్నయ్య: అన్నం వార్చడం కూడా రాదే వాడికి. సరే, వాళ్ళమ్మని ఒకసారి అడిగి చెప్తాను.

చెల్లెలు: వాళ్ళమ్మని ఎందుకు? వాణ్ణి అడుగు.